బతుకమ్మ నాటి ‘పానగల్ నీడ’ స్టాల్: కొలతలు, సామాన్లు

సెటప్ టీమ్:
అందరికీ నమస్తే. నల్లగొండ పక్కన పానగల్ల ఛాయా సోమేశ్వరాలయం గర్భగుడిల పడే స్తంభం నీడను హాల్‌ల నిలబెడుతున్నం. గుళ్లె ఎండ నేరుగ పడదు, పక్క దారుల నుంచి చెదిరి వచ్చే వెలుగుకు స్తంభాలు అడ్డముంటయి. ఆ దారులు కదలవు కాబట్టి పొద్దు ఎటు తిరిగినా నీడ కదలదు. మన దగ్గర కూడ నీడ అసలు లైట్లతోనే పడాలె, కంప్యూటర్ల గీసుడు వద్దే వద్దు. అదే ఈ స్టాల్‌కు ప్రాణం.

తెల్లగుడ్డ 3 మీటర్ల వెడల్పు. దానికి 1 మీటరు ముందు స్తంభాల లెక్క 30 సెం.మీ. లావు అట్ట గొట్టాలు రెండు, నడిమికి నడిమి 1 మీటరు ఎడం. గుడ్డకు 3 మీటర్ల దూరంల రెండు ఎల్‌ఈడీ ప్యానెళ్లు, ఒకదానికొకటి 3 మీటర్ల ఎడం. ఎడమ లైటును ఎడమ గొట్టం, కుడి లైటును కుడి గొట్టం ఆపుతయి. రెండు నీడలూ సరిగ్గ నడుమ కలుస్తయి, ఎదురుగ ఏ స్తంభమూ లేని చోట! వెడల్పు 45 సెం.మీ. వస్తది. మిగిలిన రెండు పలచని నీడలు గుడ్డ అంచులకు పోతయి. ప్యానెల్ 60 సెం.మీ. కంటే వెడల్పుంటే నడిమి చీకటి పలచబడతది. 90కి పోతే నిండు చీకటే ఉండదు.

నల్లగొండ నుంచి:
అన్నా, గుడి ఫొటోలు ఎన్నింటికి తియ్యాలె?

ప్రొజెక్టర్ టీమ్:
పొద్దున, పగటాల, పొద్దూకే ముందు. ఫోన్ స్టాండ్ మీది నుంచి కదలొద్దు తమ్మీ, ఎక్స్‌పోజర్ లాక్ చెయ్యి. లేకపోతే మూడింట్లా వెలుగు ఒక్కతీరే కనపడతది. స్టాల్‌ల మనిషి ఎడమ నుంచి కుడికి నడుస్తుంటే గుడ్డ మీద ఈ ఫొటోలు మారుకుంట పొద్దు కూడ అట్లనే నడుస్తది.

ప్రొజెక్టర్ గుడ్డ వెనకనే. త్రో రేషియో (ప్రొజెక్టర్ దూరాన్ని బొమ్మ వెడల్పుతోని భాగిస్తే వచ్చేది) 0.5 ఉంటే 1.5 మీటర్లు చాలు. నీడ పడే ఆ 45 సెం.మీ. పట్టీల బొమ్మ నల్లగ ఉంచాలె, లేకపోతే వెనక వెలుగు నీడను తినేస్తది.

మనిషి ఎక్కడున్నడో ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని వెలుగు)తో పసిగట్టే కెమెరా కైనెక్ట్ వీ2ను గొట్టాల వరుసల, నడుమ పెట్టండ్రి. గుడ్డ దగ్గర పెడితే గొట్టాలే అడ్డమొస్తయి. విండోస్ ల్యాప్‌టాప్, యూఎస్‌బీ 3, కైనెక్ట్ అడాప్టర్ తప్పనిసరి. బొమ్మలు నడిపే సాఫ్ట్‌వేర్ టచ్‌డిజైనర్ ఉచిత వెర్షన్ల బొమ్మ 1280 పిక్సెళ్లు దాటదు, ఫొటోలకు అది సరిపోతది.

హాల్ చూసే అక్క:
హాలోజెన్ లైట్లు ఉన్నయి, వాడుకోవచ్చా?

ప్రొజెక్టర్ టీమ్:
వద్దక్కా, వాటి ఇన్‌ఫ్రారెడ్ కైనెక్ట్‌ను తికమక పెడతది. గద్వాల చీర జరీ అంచు మెరిసినా, నల్లబట్టలు ఇన్‌ఫ్రారెడ్‌ను మింగినా మనిషి ఆకారంల బొక్కలు పడతయి. అందుకే అంచులు చూడకుండ, ఆకారం నడిమి బిందువునే పట్టుకుంటున్నం.

సెటప్ టీమ్:
గొట్టాలు కార్ల పట్టవు. వ్యాన్ ఎవరిదన్న ఉంటే ఇక్కడనే చెప్పండ్రి.