గాలిమరలు మూడోవంతే పనిచేస్తాయట, మరి ఇన్నెందుకు పెడుతున్నారు?

సందేహాలపుట్ట: మొన్న రైల్లో వెళ్తుంటే వరసగా గాలిమరలు కనిపించాయి, లెక్కపెడితే పదకొండింట్లో నాలుగు కదలకుండా నిలబడి ఉన్నాయి. పక్క సీటాయన "ఇవన్నీ సబ్సిడీ కోసం పెట్టినవి, మూడోవంతు కూడా పనిచేయవు" అని తేల్చేశారు. ఇంటికొచ్చి చూస్తే 2023లోనే ప్రపంచం మొత్తం మీద పవన విద్యుత్ సామర్థ్యం 1,000 గిగావాట్లు దాటిందని ఉంది. ఏది నమ్మాలి? పక్షులు చచ్చిపోతాయని, పాత రెక్కలు పాతిపెట్టేస్తారని కూడా అంటున్నారు. తిట్టుకోకుండా చెప్పండి.

నిచ్చెనమెట్టు: ఏడేళ్లు వీటి మెయింటెనెన్స్‌లో చేశాను. మూడోవంతు నిజమే, ఆయన అర్థం చేసుకున్నదే తప్పు. 3 మెగావాట్ల మర ఏడాదంతా ఫుల్ లోడులో తిరిగితే సుమారు 2.63 కోట్ల యూనిట్లు రావాలి, 35 శాతమే వచ్చినా దాదాపు 92 లక్షల యూనిట్లు. అంటే మిగతా కాలమంతా ఆగి ఉంటుందని కాదు, ఎక్కువసేపు తిరుగుతూనే ఉంటుంది, కాకపోతే తక్కువ లోడులో. గాలి వేగం సగానికి తగ్గితే అందులోని శక్తి ఎనిమిదో వంతుకి పడిపోతుంది, అసలు చిక్కంతా అక్కడే. సెకనుకి 3, 4 మీటర్ల గాలైనా లేకపోతే కరెంటు పుట్టదు, 25 దాటితే రెక్కల్ని వాలుగా తిప్పేసుకుని తనే ఆగిపోతుంది. మీరు చూసిన రోజు ఏడు తిరుగుతున్నాయంటే గాలి ఉన్నట్టే. ఆ నాలుగూ రిపేరులో ఉండొచ్చు, లేదా లైన్లు మోయలేవని గ్రిడ్ వాళ్లు ఆపించి ఉండొచ్చు. రిపేరైతే లోపల మాలాంటోడెవడో 80 మీటర్ల నిచ్చెన మీద సగంలో ఆగి రొప్పుతూ ఉంటాడు, కిటికీలోంచి అది కనపడదు లెండి.

ఉక్కపోత: లెక్క బాగుంది అన్నా, మరి గాలి పడిపోయిన సాయంత్రం సంగతో? ఎండా గాలీ రెండూ లేని చలికాలపు రోజులకి జర్మన్లు డుంకెల్‌ఫ్లౌటె అని పేరే పెట్టుకున్నారు. ఆ రోజుల కోసం గ్యాస్ ప్లాంటో, బ్యాటరీలో, పక్క దేశం నుంచి లైనో సిద్ధంగా ఉంచాలి, ఆ ఖర్చు గాలి కరెంటు యూనిట్ రేటులో కనపడదు. డెన్మార్క్ సగానికి పైగా కరెంటు గాలి నుంచే తీస్తోందని అందరూ చెప్తారు, నార్వే, స్వీడన్ జలవిద్యుత్తుకి దానికున్న లైన్ల ఊసెత్తరు. నేను వద్దనట్లేదు, పూర్తి బిల్లు చూపించమంటున్నాను.

డేగకన్ను: పక్షులు చస్తాయి, దాచడానికేం లేదు. పిల్లులు, అద్దాల మేడలు ఇంకా చాలా ఎక్కువ చంపుతాయని జవాబిస్తారు గానీ పిల్లి డేగని పట్టదు కదా! ఏడాదికి ఒకటో రెండో గుడ్లు పెట్టే పెద్ద పక్షులకే అసలు దెబ్బ. నార్వేలోని స్మోలా దీవిలో మూడు రెక్కల్లో ఒకదానికి నల్లరంగేస్తే చావులు 70 శాతం దాకా తగ్గాయి, అయితే రంగేసింది నాలుగు మరలకే, కాబట్టి అప్పుడే చప్పట్లు కొట్టను. మరలు ఎక్కడ పెడుతున్నారన్నదే ముఖ్యం, వలస దారిలో పెట్టాక ఏ రంగేసినా అంతే. రెక్కల మాట కూడా నిజమే. టవర్ స్టీలు, రాగి మళ్లీ కరిగించి వాడుకోవచ్చు, రెక్కలు ఫైబర్‌గ్లాసుని జిగురుతో గట్టిపరిచినవి, విడదీయడం కష్టం. కొన్నిచోట్ల సిమెంటు బట్టీల్లో వాడుతున్నారు.

సందేహాలపుట్ట: థాంక్స్ అందరికీ. ఉక్కపోత గారూ, ఆ లైన్ల ఖర్చు ఎవరి బిల్లులో పడుతుందో వేరే ప్రశ్నగా అడుగుతాను, అక్కడికి రండి.