నల్లి అంటే ఏ నల్లి?

పోయిన కార్తీకంలో మా పెద్దమ్మకు పది రోజులు జ్వరం. స్క్రబ్ టైఫస్ అని తేలింది. "నల్లి లాంటి పురుగు కుట్టిందమ్మా" అన్నారు డాక్టరు. ఆవిడ ఇంటికి రాగానే పరుపులన్నీ డాబా మీద ఎండకేయించి, నవారు మంచం మీద మరిగే నీళ్లు పోయించింది. ఇంతకీ డాక్టరు చెప్పిన ఆ పురుగుని, అంటే ఇంగ్లీషు మైట్‌ని, నల్లి అనొచ్చా, వేరే మాటేదైనా ఉందా?

— అనొచ్చండీ. మిరప వేసేవాళ్లని అడగండి: ఆకు పైకి ముడుచుకుంటే తామరపురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. కొబ్బరికాయకి ముచ్చిక కింద గోధుమరంగు పెచ్చు తెచ్చేదీ నల్లే. మంచంలో నల్లి మాత్రం కీటకం, ఇది సాలీడు వైపు బంధువు. పేరొకటే.

— సాలీడు వైపైతే ఎనిమిది కాళ్లుండాలిగా?

— పెద్దయ్యాక ఎనిమిదే. మనిషిని కుట్టేది పిల్లపురుగు, దానికి ఆరే. కంటికి ఆనదు, కుట్టినా నొప్పుండదు. చంకలోనో నడుం దగ్గరో చుట్ట అంటించినట్టు నల్లటి పెచ్చు కడుతుంది. అందరికీ కనబడదనుకోండి. మీ పెద్దమ్మగారికి చూశారా?

— లంగా బొందు కింద ఉంది. ఒరుసుకుపోయిందనుకుందట.

— ఆరుద్ర పురుగు గుర్తుందా? జూన్ నెలాఖరున వాన పడగానే నేల మీదికొచ్చే ఎర్ర మఖమల్ పురుగు. అదీ మైటే, దీనికి చుట్టం. మన జోలికి రాదు. దానికి కార్తె పేరే పెట్టేశాం. జ్వరానిది ఆ కార్తె కాదు. వానలకి గడ్డీ తుప్పలూ పెరిగి ఎలుకలు చేరాక, ఉత్తర, హస్త కార్తెల నుంచి చలికాలం దాకా మన వైపు కేసులెక్కువ. కోతలకీ గడ్డికీ జనం చేలో దిగేదీ అప్పుడేగా. జపాన్‌లో నీగాట, అకిటా ప్రాంతాల నదుల ఒడ్డున మాత్రం పూర్వం నుంచీ ఇది ఎండాకాలపు జ్వరం. అక్కడ ఆ పురుగు 'అకాముషి', అంటే ఎర్రపురుగు. పురుగు కుట్టినప్పుడు ఒంట్లోకి చేరే రోగక్రిమి పేరులో ఉన్న 'సుత్సుగాముషి'లో సుత్సుగా అంటే కీడు, ముషి అంటే పురుగు.

— 'కీడుపురుగు' బాగుంది కానీ పేపర్లో చూస్తే జనం హడలిపోతారు. వేళకు గుర్తిస్తే డాక్సీసైక్లిన్ మందుతో తగ్గేదానికి అంత టెన్షన్ ఎందుకు? నా ఓటు 'గడ్డినల్లి'కి.

— వరిగడ్డి మీద కూర్చుంటేనే వస్తుందనుకుంటారు. 'తుప్పనల్లి' అనండి, స్క్రబ్ అంటే తుప్పలేగా.

— మా పిల్లలకి తుప్పంటే సైకిల్‌కి పట్టేదే. 'పొదనల్లి' అయితే?