బ్యాంకు కౌంటరులో పదిహేనేళ్లు: గుమాస్తాగానే ఉండిపోవాలా, ప్రమోషన్ తీసుకోవాలా?

కృష్ణాతీరం:
ప్రభుత్వరంగ బ్యాంకులో పదిహేనేళ్లుగా గుమాస్తాగా పని చేస్తున్నాను. చేరిన కొత్తలో మా శాఖలో నాలుగు కౌంటర్లుండేవి, ఇప్పుడు రెండే మిగిలాయి. 2016లో యూపీఐ వచ్చాక, జమ చేయడానికో డబ్బు తీసుకోవడానికో వచ్చేవారు ఏటికేడు తగ్గుతున్నారు. పదవీ విరమణ చేసినవారి స్థానంలో ఎవరినీ వేయలేదు. ప్రమోషన్ తీసుకుంటే దూరపు బదిలీ తప్పదు, మా పాప పదో తరగతిలో ఉంది. ఉన్నచోటే ఉంటే నా పని ఎంతకాలం నిలుస్తుందో తెలియడం లేదు. అనుభవజ్ఞులు సలహా ఇవ్వగలరు.

పాతలెడ్జరు:
అమ్మా, నేను 1981లో చేరి, 2001లో స్వచ్ఛంద పదవీ విరమణ చేశాను. ఆ విడతలో దేశమంతటా సుమారు లక్షమంది బ్యాంకు ఉద్యోగులు బయటికి వచ్చారు. యంత్రీకరణపై 1983లో యాజమాన్యాలకూ సంఘాలకూ ఒప్పందం కుదిరినప్పుడు, రేపే ఉద్యోగాలు పోతాయని మేమంతా భయపడ్డాం. కానీ మా శాఖలో ఎవరినీ తీసేయలేదు. పోయింది మరొకటి. లెడ్జర్లు బ్యాలెన్సు చేసే రోజుల్లో, ఎక్కడో ఒక అంకె తారుమారై లెక్క కలవకపోతే, రాత్రి తొమ్మిదైనా కూర్చుని ఆ తేడా ఏ పేజీలో ఉందో పట్టుకోగల గుమాస్తాకు మేనేజరు కూడా మర్యాద ఇచ్చేవాడు. ఆ నేర్పు సంపాదించడానికి నాకు పదేళ్లు పట్టింది. కంప్యూటరు వచ్చాక కూడికలు దానంతటదే చేసుకుంది, నా పదేళ్ల నేర్పుకు విలువ లేకపోయింది. ఆ బాధతోనే స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టాను. నాతో చేరి, రుణాల విభాగంలోకి మారిన మిత్రుడు మాత్రం మేనేజరుగా రిటైరయ్యాడు. యంత్రం ఉద్యోగాన్ని తీసేస్తుందా అని కాక, మీ చేతిలోని నేర్పులో దేన్ని తీసేస్తుందో చూసుకోండి.

పంటరుణం:
పెద్దలతో ఏకీభవిస్తూనే ఒక మాట చేరుస్తాను. నేను గుంటూరు జిల్లాలో రుణాల అధికారిని. పొలం, పంట, పట్టాదారు వివరాలుండే అడంగల్, వన్-బీ రికార్డులు ఇప్పుడు తెర మీదే కనిపిస్తాయి. అయితే ఆ తెర మీద పట్టాదారు పేరు ఉంటుంది గాని, నిజంగా దున్నుతున్న కౌలురైతు పేరు చాలాసార్లు ఉండదు. అతడికి కౌలు కార్డు ఉందా, అదే పొలం మీద యజమాని ముందే అప్పు తీసుకున్నాడా, పంట వేసింది ఎవరు అన్నవి ఊళ్లోకి వెళ్లి కనుక్కోవలసిందే. పదిహేనేళ్లు కౌంటరులో కూర్చున్న మీకు ఆ ఊళ్ల మనుషులు తెలుసు. నిన్నమొన్న చేరిన అధికారికి లేని బలం అది. ప్రమోషన్ కోసం ఆగకుండా, ముందు ఉన్న శాఖలోనే రుణాల సీటు అడగండి. బ్యాంకు ఉద్యోగుల కోసం పెట్టే వృత్తి పరీక్షలు జేఏఐఐబీ, సీఏఐఐబీ రాయండి. గుమాస్తాకు మొదటిదానికి ఒకటి, రెండోదానికి రెండు ఇంక్రిమెంట్లు వస్తాయి, బదిలీతో సంబంధం లేదు.

కృష్ణాతీరం:
ఇద్దరికీ నమస్కారాలు. జేఏఐఐబీ ఎప్పుడో పూర్తి చేశాను, రెండోదాన్నే వాయిదా వేస్తూ వచ్చాను. రుణాల సీటు కోసం సోమవారం మేనేజరు గారికి లేఖ ఇస్తాను. పంటరుణం గారూ, కౌలు రైతుకు భూమి హామీ లేకుండా రుణం మంజూరు చేసేటప్పుడు మీరు మొదట ఏ కాగితం చూస్తారో వివరంగా రాయగలరా?