గిటార్‌లో గెయిన్ పెంచగానే కార్డ్స్ ముద్దయిపోతున్నాయి, మోడలర్‌లో ఒక్కో నోట్ విడిగా వినిపించాలంటే ఎలా?

తీగలమోత:
అందరికీ నమస్తే. ఫ్లోర్ మోడలర్ (ఆంప్, పెడల్స్ సౌండ్‌ని డిజిటల్‌గా అనుకరించే పెట్టె) ఒకటి వాడుతున్నా, ఆరు నెలలైంది, ఎక్కువగా హెడ్‌ఫోన్స్‌లోనే ప్రాక్టీస్. క్లీన్ టోన్ మీద నాకే కంప్లైంటూ లేదు, జి కొట్టినా సి కొట్టినా ఎ మైనర్ సెవెన్ కొట్టినా ప్రతి తీగా విడిగా వినబడుతుంది. సమస్యల్లా గెయిన్ (డిస్టార్షన్, అంటే ఆ గరుకు సౌండ్ ఎంత ఉండాలో పెట్టే నాబ్) పెంచాకే. పవర్ కార్డ్స్ (మూల స్వరం, దాని ఫిఫ్త్ మాత్రమే ఉండేవి) అదిరిపోతాయి, అదే సెట్టింగ్‌లో ఓపెన్ జి కొడితే గరగరమని ఒకటే ముద్ద, మేజరో మైనరో కూడా తెలీట్లేదు. చివర్లో ఈక్యూ (బేస్, మిడ్స్, ట్రెబుల్ విడివిడిగా పెంచి తగ్గించేది) పెట్టి 250 హెర్ట్జ్ దగ్గర బాగా తగ్గించా, మిడ్స్ పెంచా, పది పన్నెండు క్యాబ్ ఐఆర్‌లు (స్పీకర్ సౌండ్‌ని అనుకరించే ఫైళ్ళు) మార్చి చూశా. సౌండ్ సన్నబడుతోంది గానీ నోట్స్ విడిపోవట్లేదు. గిటార్‌కి రెండు పికప్‌లూ హంబకర్లే, మార్షల్ టైప్ ఆంప్ మోడల్, గెయిన్ 7. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి ప్లీజ్, నిజంగా విసుగొచ్చేస్తోంది.

ఆరో_ఫ్రెట్:
బ్రో, క్లీన్‌లో బాగుందంటే క్యాబ్ ఐఆర్ తప్పేం లేదన్నమాట, దాన్ని వదిలెయ్యండి. ముద్ద తయారయ్యేది డిస్టార్షన్ లోపల. ఆ తర్వాత మీరు ఎన్ని ఈక్యూలు పెట్టినా నీళ్ళలో కలిసిపోయిన రంగుని బయటికి తీద్దామన్నట్టే ఉంటుంది. ఈక్యూ బ్లాక్‌ని అక్కణ్ణించి తీసి ఆంప్‌కి ముందు పెట్టండి, 200 హెర్ట్జ్ కింద ఒక 5, 6 డెసిబెల్స్ తగ్గించండి. వింటే మొదట్లో పల్చగా అనిపిస్తుంది, కంగారు పడకండి, పోయిన బేస్‌ని ఆంప్ తర్వాత కొంచెం కలుపుకోవచ్చు. ట్యూబ్ స్క్రీమర్ తరహా పెడల్‌ని డ్రైవ్ సున్నా, లెవెల్ ఎక్కువ పెట్టి ఆంప్ ముందు వాడేవాళ్ళు చేసేది కూడా దాదాపు ఇదే, అది బేస్‌ని వెనక్కి నెట్టి మిడ్స్‌ని ముందుకి తెస్తుంది.

ఇంకోటి, గెయిన్ 7 చాలా ఎక్కువండి. 3 దగ్గర మొదలుపెట్టి, కార్డ్‌లో మూడో స్వరం (థర్డ్, మేజరో మైనరో చెప్పేది) ఎక్కడ మాయమవుతుందో అక్కడిదాకా మెల్లగా పెంచి, అక్కణ్ణించి కాస్త వెనక్కి రండి. ఆంప్ మీద బేస్ నాబ్ కూడా అన్ని మోడల్స్‌లో ఒకేలా పనిచెయ్యదు. ఫెండర్ టైప్‌లో టోన్ నాబ్స్ సర్క్యూట్‌లో ముందే ఉంటాయి కాబట్టి అక్కడ బేస్ 2కి దించితే డిస్టార్షనే శుభ్రపడుతుంది. మీ మార్షల్ టైప్‌లో అవి ప్రీఆంప్ గెయిన్ స్టేజ్‌లన్నీ అయ్యాక వస్తాయి, అందుకే మీకు బేస్ నాబ్ తిప్పినా పెద్ద తేడా తెలిసి ఉండదు.

స్వరాల_లెక్క:
పైన చెప్పింది కరెక్టే. పవర్ కార్డ్ బాగుండి జి ఎందుకు పాడవుతుందో లెక్క చూస్తే మీకే అర్థమవుతుంది. రెండు నోట్స్ కలిసి డిస్టార్షన్‌లోకి వెళ్తే వాటి మధ్య తేడా ఎంతో ఆ ఫ్రీక్వెన్సీ కూడా కొత్తగా పుడుతుంది (ఇంకా చాలా పుడతాయి, ముఖ్యమైంది ఇది). కింద జి 98 హెర్ట్జ్, దాని ఫిఫ్త్ (ఐదో స్వరం) డి 146.8. తేడా 48.8, అంటే దాదాపు ఇంకో ఆక్టేవ్ కింద జి. అందుకే పవర్ కార్డ్ అంత లావుగా, హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఓపెన్ జిలో ఐదో తీగ రెండో ఫ్రెట్ మీద బి నొక్కుతున్నారు కదా, అది 123.5. జితో తేడా 25.5, అది చెవికి స్వరంలా వినబడదు, సెకనుకి ఇరవై అయిదు సార్లు దడదడలాడినట్టు ఉంటుంది. మీరు గరగర అంటున్నది చాలావరకు ఇదే.

అందుకని ఐదో తీగని మ్యూట్ చెయ్యండి. ఆరో తీగ నొక్కిన వేలి కొసనే దానికి ఆనిస్తే చాలు. బి ఎక్కడికీ పోదు, రెండో తీగ మీద ఓపెన్‌గా ఉంది, 246.9. దానికీ కింది జికీ తేడా 148.9, దాదాపు మీ డి నోటే! అదే కార్డ్, అవే స్వరాలు, మూడో స్వరాన్ని ఒక ఆక్టేవ్ పైకి పంపడంతో డిస్టార్షనే మీకు సాయం చేస్తుంది. నాకు ఈ విషయం మొదటిసారి తెలిసినప్పుడు ఆ రోజంతా ఇదే వాయిస్తూ కూర్చున్నా.

తీగలమోత:
ఇద్దరికీ చాలా థాంక్స్ అన్నా. ఐదో తీగ మ్యూట్ చేస్తే జి ఒక్కసారిగా తెరుచుకుంది, నమ్మలేకపోయా, ఇంకే సెట్టింగూ ముట్టుకోకుండానే సగం తేడా వచ్చింది. గెయిన్ 4 చేసి ఈక్యూ ముందుకి తెచ్చా, ఇప్పుడు మేజర్, మైనర్ తేడా స్పష్టంగా తెలుస్తోంది. కానీ లీడ్ వాయించేటప్పుడు ఆ గెయిన్ సరిపోవట్లేదు, అలాగే ఎంత చేసినా జిలో ఆ బి కొంచెం పుల్లగా, పైకి లాగినట్టు ఉంది. ట్యూనర్‌లో మాత్రం పర్ఫెక్ట్‌గా చూపిస్తోంది.

పాత_ట్యూబ్:
ట్యూనర్ అబద్ధం చెప్పట్లేదమ్మా. మన ఫ్రెట్లు వేసిన పద్ధతిలో మేజర్ థర్డ్ స్వచ్ఛమైన థర్డ్ కన్నా సుమారు 14 సెంట్లు (సెంటు అంటే ఒక ఫ్రెట్ దూరంలో నూరో వంతు) పైన ఉంటుంది. క్లీన్‌లో చెవి సర్దుకుపోతుంది, డిస్టార్షన్ దాన్ని ఎత్తి చూపిస్తుంది. రెండో తీగని చెవితో విని కాస్తంత దించితే జి తియ్యబడుతుంది, కానీ అదే తీగ ఇంకో కార్డ్‌లో ఫిఫ్త్‌గా వస్తే అక్కడ తేడా కొడుతుంది, కాబట్టి పాటని బట్టి చూసుకో. దానికంటే ముందు ఫ్రెట్ మీద ఎంత గట్టిగా నొక్కుతున్నావో చూడు. గెయిన్‌లో వాయించేటప్పుడు చాలామంది తెలీకుండానే బిగపట్టి నొక్కుతారు, నొక్కిన స్వరం పైకి వెళ్ళిపోయి ఓపెన్ తీగలతో తేడా కొడుతుంది.

లీడ్ గెయిన్ సంగతి: ప్రీసెట్ లీడ్‌కి సరిపడా పెట్టి, కార్డ్స్‌కి గిటార్ వాల్యూమ్ 6కి దించు. మోడలర్ ఏదైనా సరే, లోపలికి వెళ్ళే సిగ్నల్ తగ్గితే డిస్టార్షన్ తగ్గుతుంది. వాల్యూమ్ దించినప్పుడు పైన మెరుపు పోతే గిటార్‌కి ట్రెబుల్ బ్లీడ్ (ఆ మెరుపు పోకుండా చూసే చిన్న సర్క్యూట్) వేయించుకో. నీ మోడలర్‌లో రెండు పాత్‌లు (సిగ్నల్ వెళ్ళే దారులు) ఉంటే ఒకదాంట్లో పూర్తి క్లీన్ ఆంప్ పెట్టి గెయిన్ ఆంప్ సౌండ్‌కి తోడుగా కొద్దిగా కలుపు, క్లీన్ వైపు తీగలు ఒకదాన్నొకటి పాడుచెయ్యవు కాబట్టి నోట్స్ విడివిడిగా నిలబడతాయి. కలిపాక సౌండ్ బోలుగా అయిపోతే రెండిటికీ ఫేజ్ కుదరట్లేదన్నమాట (ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నాయి), ఒక పాత్‌లో పొలారిటీ తిప్పి చూడు. రివర్బ్ ఉంటే దానికీ 200 హెర్ట్జ్ దగ్గర లో కట్ (దాని కింది బేస్‌ని కోసేది) పెట్టు.

తీగలమోత:
మాస్టారూ, గట్టిగా నొక్కడమే! వేళ్ళు వదులు చేశా, ఆ పులుపు చాలా వరకు పోయింది. క్లీన్ పాత్ పావు వంతు కలిపా, ఇప్పుడు ఎ మైనర్ సెవెన్ కూడా గెయిన్‌లో వినదగ్గట్టు ఉంది. ఇంక ఓపెన్ సి ఒక్కటే ఇబ్బంది పెడుతోంది, పాతలాగే గరగర.

స్వరాల_లెక్క:
సిలో నాలుగో తీగ మీద ఇ ఉంది చూడండి, అదే కింది థర్డ్. దాన్ని మ్యూట్ చేసి ఐదు, మూడు, రెండు, ఒకటి తీగలే మోగించండి. పైన ఓపెన్ ఇ ఎలాగూ ఉంది.