సైరన్ మోగినా కదలని నాన్నను ఎలా ఒప్పించాలి?

ప్రశ్న (అడిగింది: సూరత్‌లో గోపాల్‌పూర్ వాడు)

అందరికీ నమస్కారం. మాది ఒడిశా తీరంలో గోపాల్‌పూర్ పక్కన తెలుగు చేపలవాళ్ల పల్లె. నేను సూరత్‌లో మగ్గాల మీద పనిచేస్తున్నాను. అక్టోబరు వస్తోందంటే చాలు, నాకు టెన్షన్ మొదలవుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చినా, వాలంటీర్లు ఇంటికొచ్చి పిలిచినా నాన్న కదలడు. "పడవ ఇక్కడుంటే నేనక్కడ ఏం చెయ్యను?" అంటాడు. 2013లో ఫైలిన్ తుఫాను అప్పుడు అమ్మనీ చెల్లినీ తుఫాను షెల్టర్‌కి పంపేసి, తను అందరికన్నా ఆఖరున వెళ్లాడు. రాష్ట్రం మొత్తం తుఫానుకి ముందే ఇల్లు వదిలే పద్ధతికి మారింది కదా, ఈయనెందుకు మారడు? భయం లేకనా?

జవాబు (ఛత్రపురం మాష్టారు)

తమ్ముడూ, సముద్రం మీద బతికే మనిషికి గాలి సంగతి ఒకరు చెప్పాలా? మీ నాన్నగారికి భయం ఉంది, కానీ అది పడవ గురించి. ఫైబర్ పడవ, ఇంజను, వలలు కలిపితే లక్షల మాట. చాలా ఇళ్లలో అందులో సగం అప్పే. ప్రాణం దక్కి పడవ పోతే వడ్డీ ఎలా కట్టాలన్నదే ఆయన దిగులు.

1999 అక్టోబరులో ముందు మన గంజాం జిల్లాను ఒక తుఫాను కొట్టింది. 29న పారాదీప్ దగ్గర సూపర్ సైక్లోన్ వచ్చింది. సర్కారు లెక్కలోనే పదివేల మందికి దగ్గరగా పోయారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల పైమాటే. అయినా ఒడిశాలో చావులు యాభై లోపే. పద్నాలుగేళ్లలో జనం బుద్ధి మారిపోయిందంటే నేను నమ్మను. విపత్తుల సంస్థ పెట్టారు, షెల్టర్లు కట్టారు, ఊరి కుర్రాళ్లకు ట్రైనింగ్ ఇచ్చారు. ఇల్లు వదిలితే ఎక్కడ పడుకుంటాం, ఏం తింటాం అన్నదానికి జవాబు దొరికింది. అందుకే పది లక్షలకు దగ్గరగా జనం కదిలారు.

నేను చూసింది చెబుతాను. ఫైలిన్ ముందు రోజు ఇద్దరు చేపలవాళ్లు ఇంజను విప్పి, కర్రకి కట్టి, భుజాల మీద షెల్టర్‌కి మోసుకొచ్చారు. ఆయిల్ కారుతోంది, లోపలికి తేవద్దని ఒకాయన అడ్డుపడ్డాడు. మెట్ల కింద జాగా చూపించాం. గంటలో ఆ వీధిలో మిగిలినవాళ్లు కూడా ఇంజన్లతో వచ్చేశారు. అంతవరకూ మైకులో ఎంత అరిచినా రానివాళ్లే వాళ్లు.

బంగ్లాదేశ్‌లోనూ ఇంతే. 1970 తుఫానులో కనీసం మూడు లక్షల మంది పోయారు. తర్వాత అక్కడ వాలంటీర్ల దళం పెట్టారు. దాంతోపాటు పశువుల కోసం ఎత్తైన మట్టి దిబ్బలు పోశారు. ఆవుని వదిలి రాలేని రైతుని తిట్టడం మాని, ఆవుకి చోటు చూపించారు. మయన్మార్‌లో 2008లో నర్గీస్ తుఫాను వచ్చినప్పుడు మన వాతావరణ శాఖ ముందే హెచ్చరించింది. అక్కడి సైనిక ప్రభుత్వం ఐరావతి నది డెల్టా జనాన్ని సరిగా తరలించలేదు. తర్వాత బయటి సాయాన్ని కూడా మొదట్లో ఆపింది. లక్షా ముప్పై వేలకు పైగా జనం పోయారు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపం ఆగదు.

జవాబు (పర్లాకిమిడి నుంచి)

మాష్టారు చెప్పింది తీరానికి సరిపోతుంది. మా గజపతి జిల్లా సంగతి వేరు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. సముద్రం మాకు దూరమే కదా అనుకున్నాం. కానీ వాన కొండల మీద కురిసింది. మా జిల్లాలోని బారఘరా ఊళ్లో జనం తలదాచుకున్న చోటే కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. వాళ్లు వాన చూసి ఇళ్లు వదిలినవాళ్లే, మొండికేసినవాళ్లు కారు. ఏ చోటు భద్రమో వాళ్లకి ముందుగా చెప్పినవాళ్లు లేరు. కొండ ఊళ్లకి వేరే ప్లాన్ కావాలని మేం అడుగుతూనే ఉన్నాం.

ప్రశ్న అడిగినవాడు

మాష్టారూ, ఇంజను సంగతి నాన్నకి ఫోన్‌లో చెప్పాను. "పెట్టనిస్తారా?" అని అడిగాడు. ఆయన ఎదురు ప్రశ్న వెయ్యడం ఇదే మొదలు.

జవాబు (ఛత్రపురం మాష్టారు)

పెట్టనిస్తారో లేదో మీ ఊరి షెల్టర్ కమిటీని ఇప్పుడే అడగమను, హెచ్చరిక వచ్చాక కాదు. పడవ రిజిస్ట్రేషన్, ఆధార్, బ్యాంకు పుస్తకం ఒకే పాలిథిన్ కవర్లో కట్టి అమ్మ దగ్గర ఉంచండి. పడవనీ ఇంజను నంబరునీ ఫోటో తీసి నీకు పంపమను. అధికారులు నష్టం రాయడానికి వచ్చినప్పుడు చూపించాల్సినవి అవే.