చర్చ: షాంఘైలో వారాంతం గడిపేవారు పుడోంగ్ మేడలెక్కాలా, పుషీ వీధుల్లో తిరగాలా?

కృష్ణాతీరం:
సుజౌలో కంపెనీ పని ముగించుకుని, శుక్రవారం ఉదయం నుంచి ఆదివారం సాయంత్రం దాకా షాంఘైలో ఉండబోతున్నాను. భారతీయులకు చైనా పర్యాటక వీసాలు మళ్ళీ మొదలయ్యాక ఆ నగరం చూసివచ్చిన మనవాళ్ళు ఒకరికొకరు పొసగని మాటలు చెబుతున్నారు. హువాంగ్‌పు నదికి తూర్పున పుడోంగ్‌లోని ఆకాశహర్మ్యం ఎక్కకపోతే షాంఘై చూసినట్టే కాదని కొందరు, అటువంటి మేడలు దుబాయిలోనూ ఉన్నాయి గనుక పడమటి ఒడ్డున పుషీలోని పాత నగరానికే సమయమంతా ఇవ్వాలని మరికొందరు అంటున్నారు. దయచేసి కారణాలతో సహా చెప్పండి. నేను శాకాహారిని.

నిర్మాణరంగం:
నా ఓటు పుడోంగ్‌కే. 1990లో చైనా ప్రభుత్వం ఆ ఒడ్డును అభివృద్ధి ప్రాంతంగా ప్రకటించే నాటికి అక్కడ ఎక్కువగా పొలాలు, గిడ్డంగులు ఉండేవి. పుడోంగ్‌లో ఇల్లు దొరకడం కంటే పుషీలో మంచం దొరకడం మేలని షాంఘైవాసులే అనుకునేవారు. అటువంటి చోట 1999లో, పగోడాలా అంచెలంచెలుగా సన్నబడే జిన్ మావో, 2008లో తలభాగాన పెద్ద కంత తొలిచినట్టుండే 492 మీటర్ల వరల్డ్ ఫైనాన్షియల్ సెంటర్, 2015లో 632 మీటర్ల షాంఘై టవర్ పక్కపక్కనే లేచి నిలిచాయి. షాంఘై టవర్ అడుగు నుంచి కొన వరకు దాదాపు 120 డిగ్రీలు మెలితిరిగి ఉంటుంది. అది సోకు కోసం పెట్టిన మెలిక కాదు. తుపాను గాలి భవనం పొడవునా ఒకే తీరున తాకి ఊపకుండా చెదిరిపోవడానికి చేసిన ఏర్పాటు. దానివల్ల గాలి భారం 24 శాతం తగ్గిందని రూపకర్తల లెక్క. ఇంత తక్కువ కాలంలో ఒక నగరం తన రూపాన్ని ఎలా మార్చుకుందో చూడడానికే చాలామంది షాంఘై వెళతారు. పాత వీధులు చూడాలనుకుంటే చైనాలో అంతకంటే పాత ఊళ్ళు బోలెడున్నాయి.

పాతబస్తీ:
నిర్మాణరంగం గారూ, మీరు మెచ్చుకున్న ఆ మెలిక, టిక్కెట్టు కొని 118వ అంతస్తుకు చేరినవారికి కనిపించదు. అక్కడి నుంచి కింద పరుచుకున్న నగరం, ఆకాశం తేటగా ఉన్న రోజయితే నది వంపు కనిపిస్తాయి. మబ్బు పట్టిన రోజు తెల్లటి గాజు తప్ప ఏమీ ఉండదు. మేడలను చూడవలసినది ఎదుటి ఒడ్డు నుంచి, అంటే బండ్ అనే పుషీ నదీతీర వీధి నుంచి. సాయంత్రం దీపాలు వెలిగే వేళకు అక్కడికి చేరితే, మీరు చెప్పిన మూడింటినీ, 1994 నాటి ఓరియంటల్ పర్ల్ టవర్‌నూ కలిపి పైసా ఖర్చు లేకుండా చూడవచ్చు. నదిని దాటడానికి కూడా 2 యువాన్ల ఫెర్రీ ఉంది. స్థానికులు స్కూటర్లతో సహా ఎక్కే ఆ పడవలో కనిపించే దృశ్యానికి ఏ విహారనౌకా సాటిరాదని నా నమ్మకం.

బండ్ మీది భవనాలకు మనతో సంబంధం కూడా ఉంది. 1842 నాన్‌జింగ్ ఒడంబడిక తరువాత విదేశీ వర్తకులకు తెరుచుకున్న ఈ రేవులోకి మన దేశపు నల్లమందు పెద్ద ఎత్తున దిగేది. బొంబాయిలో ఆ వ్యాపారం చేసి ఎదిగిన ససూన్ కుటుంబానికి చెందిన విక్టర్ ససూనే 1929లో ఇప్పటి పీస్ హోటల్ భవనాన్ని కట్టించాడు. 1923 నాటి హాంకాంగ్ షాంఘై బ్యాంకు భవనంలో ఇప్పుడు వేరొక బ్యాంకు నడుస్తోంది. పనివేళల్లో లోపలికి వెళ్ళి, ఎనిమిది కోణాల ప్రవేశశాలలో తలెత్తి చూస్తే, ఆ బ్యాంకుకు శాఖలున్న ఎనిమిది నగరాలను రంగుల మొజాయిక్‌లో కూర్చారు. లండన్, పారిస్, టోక్యోల వరుసలో కలకత్తా కూడా ఉంటుంది. 1950లలో పూత పూసి కప్పేసిన ఆ బొమ్మలు 1997 మరమ్మతుల్లో మళ్ళీ వెలుగు చూశాయి. కృష్ణాతీరం గారూ, శుక్రవారమే అక్కడికి వెళ్ళండి.

బాటసారి:
పాతదంతా అసలైనది, కొత్తదంతా ఆడంబరం అన్న విభజన షాంఘైలో నిలబడదు. షిన్‌తియెన్‌దిలో రాతి గుమ్మాల షికుమెన్ ఇళ్ళను చూసి మనవాళ్ళు మురిసిపోతారు గాని, అందులో కాపురమున్నవారిని వేరేచోటికి పంపించి, గోడలు చాలావరకు నిలిపి, లోపల రెస్టారెంట్లు, దుకాణాలు పెట్టి 2001లో తెరిచిన వ్యాపార సముదాయమది. యూయ్వాన్ తోట చుట్టూ ఉన్న బజారు కూడా అంతే. చాలామంది ఆ రద్దీలో ఫొటోలు దిగి, తోట చూశామనుకుని తిరిగివస్తారు. అసలు తోట టిక్కెట్టు గుమ్మం దాటాక ఉంది. మింగ్ కాలపు అధికారి ఒకాయన 1559లో తండ్రి కోసం మొదలుపెట్టిన తోట అది. ఒళ్ళంతా రంధ్రాలున్న నిలువెత్తు శిల ఒకటి అక్కడ తప్పక చూడాలి. దాని కింద అగరువత్తి వెలిగిస్తే ప్రతి రంధ్రం నుంచీ పొగ వస్తుందని చెప్పుకుంటారు.

నిజంగా ఊరి జనంతో నిండిన చోటు కావాలంటే శనివారం మధ్యాహ్నం పీపుల్స్ పార్కుకు వెళ్ళండి. పిల్లల పుట్టిన సంవత్సరం, ఎత్తు, చదువు, జీతం రాసిన కాగితాలను విప్పిన గొడుగులకు తగిలించి తల్లిదండ్రులు సంబంధాలు వెతుకుతుంటారు. మన పెళ్ళిళ్ళ పేరయ్యకు అక్కడ పని చాలానే దొరుకుతుంది.

నిర్మాణరంగం:
బాటసారి గారూ, ఆ గొడుగుల దగ్గరకు పర్యాటకులు వెళ్ళడం నాకు నచ్చదు. తమ పిల్లల వివరాలు పరాయివారి కెమెరాల్లో పడడం వాళ్ళలో చాలామందికి ఇష్టం ఉండదు. దాన్ని దర్శనీయ స్థలాల జాబితాలో చేర్చకండి. పాతబస్తీ గారి మబ్బుల అభ్యంతరాన్ని మాత్రం ఒప్పుకుంటాను, అయితే దానికి మందు టవర్‌ను వదిలేయడం కాదు. టిక్కెట్టు ముందుగా కొనకుండా, ఉదయం బండ్ నుంచి చూసి, కొన స్పష్టంగా కనిపిస్తేనే నది దాటండి.

పాతబస్తీ:
ఆ షరతుకు నాకూ అభ్యంతరం లేదు. భోజనానికి పడమటి నాన్‌జింగ్ రోడ్డులో 1922 నుంచి పేరున్న గోంగ్‌దెలిన్ అనే బౌద్ధ శాకాహారశాల ఉంది. మిగతాచోట్ల కూరగాయల వంటకంలోనూ పంది కొవ్వు ఉండే అవకాశం ఉంది గనుక, చైనా భాషలో రాయించుకున్న చీటీ చూపించి అడగండి.

కృష్ణాతీరం:
అందరికీ కృతజ్ఞతలు. శుక్రవారం బ్యాంకు ప్రవేశశాల, సాయంత్రం బండ్, ఫెర్రీ; శనివారం యూయ్వాన్ తోట. టవర్‌కు టిక్కెట్టు ఇప్పుడు కొనడం లేదు, ఆదివారం ఉదయం ఆకాశాన్ని బట్టి చూస్తాను. పార్కు విషయంలో మాత్రం నిర్మాణరంగం గారి మాటే నాకు సబబుగా తోచింది.