తొలి జింక వేట, లానో కౌంటీ (టెక్సస్), నవంబర్: సామాన్ల జాబితా ఒకసారి సరిచూడండి

ఫ్రిస్కో_కొత్తవాడు:

నమస్కారం అందరికీ. నవంబర్ మొదటి శనివారం సీజన్ మొదలవుతుంది కదా, ఆ వారాంతానికే లానో కౌంటీలో ఒక రాంచ్ బుక్ చేశాను. రెండున్నర రోజులు, ఒక ఆడ వైట్‌టెయిల్ (తెల్లతోక) జింక. మాటు రాంచ్ వాళ్లదే. నేల మీద పెట్టె లాంటి గది ఒకటి, పదిహేను అడుగుల నిచ్చెన మంచె ఒకటి ఉన్నాయట. మక్కజొన్న ఫీడర్ వంద గజాల్లో ఉంటుందన్నారు. హంటర్ ఎడ్యుకేషన్ ఆన్‌లైన్‌లో పూర్తయింది. వీసా హెచ్-1బీ, టెక్సస్‌లో మూడేళ్లు.

బడ్జెట్ 1,800 డాలర్లు. ఇప్పటికి రాసుకున్నవి: .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ రైఫిల్, 6-24 స్కోప్ (6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపేది), 500 డాలర్ల కామో సూటు, ఒంటి వాసన పోగొట్టే స్ప్రే, ఎనిమిదంగుళాల కత్తి, 40 క్వార్ట్‌ల ఐస్ పెట్టె. రేంజ్‌లో .22 (చిన్న తూటా రైఫిల్) తప్ప ఇంకేం కాల్చలేదు. ఏది ఉంచాలి, ఏది కొట్టేయాలి? మాంసం ఇంటికి చేరేదాకా ఏం చెయ్యాలో కూడా చెప్పండి.

రేంజ్_రావు:

రైఫిల్ కంటే ముందు లైసెన్స్ సంగతి చూడండి. హెచ్-1బీ, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికున్న మినహాయింపుల్లో మనబోటివాళ్లకు పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్. కాబట్టి లైసెన్స్ జేబులో పడ్డాకే తుపాకుల దుకాణం గడప తొక్కండి. అక్కడ తుపాకీ కొనేటప్పుడు నింపే ఫారం 4473 నింపిస్తారు. ఐ-94 (అమెరికాలోకి వచ్చినప్పటి రికార్డు) నంబరు, లైసెన్స్, ఇప్పుడుంటున్న చిరునామాతో గుర్తింపు కార్డు వెంట ఉండాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ మనవాళ్లకు ఒక్కోసారి ఆగుతుంది. సీజన్‌కి వారం ముందు కొనడానికి వెళ్తే రైఫిల్ చేతికి రాకుండానే సీజన్ మొదలవచ్చు.

ఇంకో మెలిక ఉంది. టెక్సస్ హంటింగ్ లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో చెల్లిపోతుంది. సెప్టెంబర్ 1న రైఫిల్ బీరువాలో ఉండి, కొత్త లైసెన్స్ చేతిలో లేదంటే ఆ మినహాయింపు పోయినట్టే. కొత్తవి ఆగస్టు మధ్యలోనే అమ్మకానికి వస్తాయి, అప్పుడే తీసేసుకోండి. ఆరు నెలలకు పైగా ఇక్కడే ఉంటున్నారు కాబట్టి మీకు రెసిడెంట్ లైసెన్స్ 25 డాలర్లు. బయటి రాష్ట్రం వాళ్లకు అదే 315. గ్రీన్ కార్డు వాళ్లకు ఈ తలనొప్పి లేదు. వీసా మారే దశలో ఉంటే మాత్రం లాయర్‌ని అడక్కుండా ముందుకెళ్లకండి.

ఇక మ్యాగ్నమ్ కొట్టేయండి. లానో ఉన్న హిల్ కంట్రీ ప్రాంతంలో ఆడ జింక బతికున్నప్పుడు 80 నుంచి 100 పౌండ్లు తూగితే గొప్ప. మన నెల్లూరు పొట్టేలు కంటే పెద్దదేం కాదు. దానికి .300 మ్యాగ్నమ్ దండగ. పైగా .22 అలవాటున్న భుజానికి ఆ తన్ను తగిలితే నాలుగో తూటాకల్లా ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోవడం మొదలవుతుంది. తర్వాత ఆ అలవాటు మాన్పడం చాలా కష్టం. .243 విన్‌చెస్టర్ గానీ 6.5 క్రీడ్‌మూర్ గానీ తీసుకోండి. .308 కూడా మంచిదే, తన్ను కొంచెం ఎక్కువ. రుగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్ లాంటి సాదా బోల్ట్ రైఫిల్ చాలు. మీరు రేంజ్‌లో కాల్చిన .22 రిమ్‌ఫైర్‌తో టెక్సస్‌లో జింకను కొట్టడం చట్టవిరుద్ధం, దాని సంగతి వదిలేయండి.

స్కోప్ 3-9x40 (3 నుంచి 9 రెట్లు, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) చాలు. లెక్క చూడండి: కంటికి అందే వెలుగు వృత్తం అంటే ముందు అద్దం వెడల్పును పవర్‌తో భాగించగా వచ్చేది. 40 మిల్లీమీటర్ల అద్దాన్ని 6 మీద పెడితే 6.7 మిల్లీమీటర్లు, 24 మీద పెడితే 1.7. జింకలు వచ్చేది పొద్దు పొడిచే ముందూ, పొద్దు గూకాకానూ. ఆ వేళ 1.7లో చీకటే కనిపిస్తుంది. ఇంకోటి, మీది కనిష్ఠమే 6. నలభై గజాల్లో జింక నిలబడితే స్కోప్ నిండా గోధుమరంగు బొచ్చే, ఏ భాగమో తెలియదు.

గురి కుదర్చడం ఇలా. రింగుల స్క్రూలు టార్క్ రెంచ్‌తో 15-18 ఇంచ్-పౌండ్లకు బిగించండి (తయారీదారు వేరే అంకె ఇస్తే అదే). చేత్తో బిగిస్తే వదులవుతాయి, లేదా ట్యూబు నొక్కుకుపోతుంది. మొదట 25 గజాల్లో పెద్ద కాగితం. స్కోప్ క్లిక్ పావు ఎంఓఏ (కోణం కొలత, ఒక ఎంఓఏ అంటే వంద గజాల్లో దాదాపు ఒక అంగుళం) అయితే వంద గజాల్లో ఒక అంగుళం జరగడానికి 4 క్లిక్కులు, 25 గజాల్లో 16. ఇక్కడే కొత్తవాళ్లు లెక్క తప్పి తూటాలు తగలేస్తారు. 25లో మధ్యకు తెచ్చాక వందకు వెళ్లి మూడేసి కాల్చండి. మూడింటి మధ్యబిందువు చూసి తిప్పండి, ఒక్క తూటాను చూసి తిప్పకండి. మూడు కాల్చాక గొట్టం చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాలి. వేటకు తీసుకెళ్లే పెట్టెలోని తూటాలతోనే గురి పెట్టండి. తూటా బరువు అదే 150 గ్రెయిన్లైనా బ్రాండ్ మారితే రెండంగుళాలు అటూ ఇటూ పోవచ్చు. బల్ల మీద కుదిరాక చివరి పది తూటాలు కుర్చీలో కూర్చుని, షూటింగ్ స్టిక్స్ మీద కాల్చండి. మాటులో బల్ల ఉండదు.

మంచెమీద_మల్లన్న:

రావు గారు చెప్పినదాంతో రైఫిల్, స్కోప్, తూటాలు కలిపి దాదాపు వెయ్యి అవుతుంది. మిగిలినదాంట్లో కామో సూటు మీద పైసా పెట్టొద్దు తమ్ముడూ. జింక కంటికి ఎరుపు, నారింజ సరిగ్గా ఆనవు. నీలం మాత్రం మనకంటే బాగా కనిపిస్తుంది. అందుకే బ్లూ జీన్స్ వద్దు. బట్టలు తెల్లగా మెరిపించే బ్రైటెనర్ ఉన్న డిటర్జెంట్ కూడా వద్దు. గోధుమ, బూడిద, ఆకుపచ్చ ఏదైనా సరే, గీసుకుంటే చప్పుడు కాకూడదు. దుకాణంలో జాకెట్ చెయ్యిని గోరుతో గీకి చూడండి, గరగరమంటే అక్కడే వదిలేయండి.

పెట్టె లాంటి గదిలో కూర్చునేటప్పుడు కామో కంటే నలుపే మేలు. లోపలంతా చీకటి కాబట్టి నల్ల చొక్కా అందులో కలిసిపోతుంది. వెనక కిటికీ మూసి ఉంచండి, తెరిస్తే మీ ఆకారం వెలుగులో బొమ్మలా పడుతుంది.

నవంబర్ మొదట్లో అక్కడ తెల్లవారి 40 డిగ్రీల ఫారెన్‌హీట్, మధ్యాహ్నం 80 అయినా ఆశ్చర్యం లేదు. ఒకే మందపాటి కోటు కాకుండా పొరలు కావాలి: లోపల మెరినో ఉన్ని, మధ్యలో ఫ్లీస్, పైన గాలి ఆపేది. కాటన్ బనీను చెమటకు తడిసి ఒంటికి అంటుకుని చలి పుట్టిస్తుంది. మంచె దాకా నడిచేటప్పుడు పై పొర సంచిలోనే ఉండాలి, ఎక్కి కూర్చున్నాకే వేసుకోవాలి. బూట్లు ఇన్సులేషన్ లేనివి చాలు, అడుగు గట్టిగా ఉండాలి. ఆ నేలంతా గ్రానైట్ రాళ్లూ, నాగజెముడు ముళ్లూ. కొన్నాక కనీసం ఇరవై మైళ్లు నడిచి అరగదీయండి.

వాసన స్ప్రే కూడా కొట్టేయండి. గాలివాటం మీకు వ్యతిరేకంగా ఉంటే ఏ స్ప్రే ఆదుకోదు. గాలి మీ మీదుగా ఫీడర్ వైపు పోతుంటే ఆ పూట ఆ మాటులో కూర్చోవద్దు, రెండోది అడగండి. చిన్న డబ్బాలో మెత్తటి పొడి వేసుకుని నొక్కి చూస్తే గాలి ఎటు లాగుతోందో తెలుస్తుంది. దుకాణంలో దీన్నే డబ్బులకు అమ్ముతారు, విభూదైనా అదే పని చేస్తుంది. మన ఇళ్లకే ఉన్న సమస్య ఒకటి: వేట బట్టలు వంటగది పక్క అల్మరాలో పెడితే తాలింపు, ఇంగువ, అగరొత్తుల వాసన వారాలపాటు పోదు. వాసన లేని సబ్బుతో ఉతికి, బయట ఆరేసి, మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, రాంచ్‌లోనే తీయండి.

పదిహేను అడుగుల మంచె అంటే తేలిక కాదు. బడ్జెట్‌లో మొదట రాయాల్సింది ఫుల్ బాడీ హార్నెస్ (కింద పడకుండా ఒంటికి కట్టుకునే పట్టీలు), దాంతోపాటు ప్రూసిక్ ముడి (తాడు మీద జరుగుతుంది, బరువు పడితే బిగుసుకుంటుంది) ఉన్న లైఫ్‌లైన్. పడేవాళ్లలో చాలామంది కూర్చున్నప్పుడు కాదు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ, నిచ్చెన నుంచి సీటులోకి కాలు మార్చేటప్పుడూ పడతారు. అందుకే లైఫ్‌లైన్ నేల నుంచే కట్టి ఉండాలి, ముడిని మీతోపాటు పైకి జరుపుకుంటూ పోవాలి. రైఫిల్ భుజాన వేసుకుని ఎక్కొద్దు. ఛాంబర్ ఖాళీ చేసి, బోల్ట్ తెరిచి కింద పెట్టి, పైకెక్కాక తాడుతో లాక్కోండి. హార్నెస్‌లో వేలాడితే తొడల దగ్గర రక్తం ఆగి నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. కాళ్లు ఆనించుకునే రిలీఫ్ స్ట్రాప్ జేబులో ఉండాలి. సెకండ్ హ్యాండ్ హార్నెస్ కొనకండి.

మిగిలిన డబ్బు 8x42 బైనాక్యులర్‌కి పెట్టండి. ఏముందో చూడ్డానికి స్కోప్ ఎత్తకూడదు, అలా ఎత్తితే మనిషి మీదికి తుపాకీ ఎత్తినట్టు అవ్వచ్చు. ప్రైవేటు భూమిలో ఆరెంజ్ తప్పనిసరి కాదు గానీ ఇద్దరు వేటగాళ్లున్న చోట వేసుకోండి. పబ్లిక్ భూముల్లో అయితే 400 చదరపు అంగుళాల ఆరెంజ్, అందులో ఛాతీ మీద 144, వీపు మీద 144, తలకు ఆరెంజ్ టోపీ, ఇవి నిబంధన.

ఫ్రిస్కో_కొత్తవాడు:

చాలా థాంక్స్ ఇద్దరికీ. మ్యాగ్నమ్, సూటు, స్ప్రే కొట్టేశాను. ఎక్కడ గురి పెట్టాలి, కొట్టాక ఎంతసేపు ఆగాలి అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు. కత్తి, ఐస్ పెట్టె సంగతి కూడా.

నెత్తుటిజాడ:

జింక పూర్తిగా పక్కకు నిలబడే దాకా ఆగండి. ముందు కాలు వెనక అంచు వెంట పైకి చూస్తూ వచ్చి, ఒంటి ఎత్తులో కింది నుంచి మూడో వంతు దగ్గర ఆపండి. అక్కడ రెండు ఊపిరితిత్తులూ, గుండె పైభాగమూ ఉంటాయి. కొంచెం అవతలికి తిరిగి ఉంటే అవతలి భుజం కనిపెట్టి, తూటా అక్కడికి వెళ్లేలా కొట్టండి. ఎదురుగా మీ వైపు చూస్తుంటే కాల్చొద్దు. వెలుతురు టైము కూడా చూసుకోండి, సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే చట్టం ఒప్పుకుంటుంది.

ఎంతసేపు ఆగాలన్నది తగిలిన చోటును బట్టి ఉంటుంది, అందుకే ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. వెనక కాళ్లు ఎగరేసి తన్ని, వంగి పరిగెత్తితే ఛాతీలో తగిలింది. నెత్తురు గులాబీ రంగులో నురగతో ఉంటుంది. అరగంట ఆగి వెళ్లండి, సాధారణంగా 150 గజాల లోపే పడి ఉంటుంది. నెత్తురు ముదురు ఎరుపు, నురగ లేదు అంటే కార్జం. నాలుగైదు గంటలు ఆగాలి. వీపు వంచి మెల్లగా నడిచి పోయింది, నేల మీద పచ్చటి మురికి, దుర్వాసన అంటే పొట్ట. ఎనిమిది గంటలైనా కదపకూడదు. తొందరపడి లేపితే ఇంకో మైలు పోతుంది, నెత్తురు కూడా కారదు. 80 డిగ్రీల ఎండలో అంతసేపు ఆగితే మాంసం పాడవుతుందన్నదీ నిజమే. అలాంటప్పుడు మీరు వెతక్కుండా, వాసన పట్టే కుక్క ఉన్నవాళ్లను పిలవమని రాంచ్ వాళ్లకు చెప్పండి.

కాల్చిన వెంటనే మంచె మీద నుంచే జింక నిలబడ్డ చోటు, చివరగా కనిపించిన చెట్టు, రెండూ ఫోన్‌లో ఫొటో తీయండి. దిగాక ఆ గుర్తులు వేరేగా కనిపిస్తాయి. నెత్తురు కనిపించిన ప్రతిచోటా టాయిలెట్ పేపర్ ముక్క పెట్టుకుంటూ పోండి, జాడ తప్పితే వెనక్కి చూస్తే దారి తెలుస్తుంది. జాడ మీద నడవొద్దు, పక్కన నడవండి.

దొరకగానే, కత్తి తీయకముందే ట్యాగ్ పని. లైసెన్స్ మీది, ఆడ జింకకు సరిపోయే ట్యాగ్ చింపి, నెల, తేదీ కత్తిరించి, పెన్నుతో నింపి కట్టాలి, లైసెన్స్ వెనక లాగ్ కూడా నింపాలి. ఆడదో మగదో తేల్చే ఆనవాలు ఇంటికో, మాంసం కోసి ఇచ్చే ప్రాసెసర్ దగ్గరికో చేరేదాకా పారేయకూడదు, తల వెంట ఉంచుకోండి.

కత్తి మూడు, మూడున్నర అంగుళాలది చాలు. ఎనిమిదంగుళాల మొన లోపల ఎటు పోతోందో మీకు కనపడదు, పేగు చిరుగుతుంది. నైట్రైల్ గ్లోవ్స్ రెండు జతలు. ముందు మలద్వారం చుట్టూ కోసి, బయటికి లాగి దారంతో ముడేయండి. తర్వాత పొత్తికడుపు దగ్గర తోలు చిటికెడు పైకెత్తి చిన్న గాటు పెట్టి, ఎడమచేతి రెండు వేళ్లు లోపల పెట్టి పొట్టను కిందికి నొక్కుతూ, ఆ వేళ్ల మధ్య నుంచి కత్తి పదును పైకి ఉండేలా రొమ్ము ఎముక దాకా రండి. పదును కిందికి ఉంటే పొట్ట పేలుతుంది. ఛాతీకీ పొట్టకీ మధ్య పొరను పక్కటెముకల అంచు వెంట కోసి, చెయ్యి గొంతు దాకా పోనిచ్చి గాలిగొట్టం తెంపి లాగితే అన్నీ కలిసి వస్తాయి. మూత్రపు తిత్తిని గట్టిగా పట్టుకోకండి. పొట్ట చిరిగితే ఆ భాగం కోసి పారేయండి, కొద్ది నీళ్లతో కడిగితే మురికి ఇంకా పాకుతుంది.

40 క్వార్ట్‌ల పెట్టెలో కాళ్లు కూడా పట్టవు. 75 నుంచి 100 క్వార్ట్‌లది, ఐస్ 40 పౌండ్లు. ఫ్రిస్కోకి నాలుగు గంటల దారి. మాంసం 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపుకి దిగాలి. సంచుల్లో కట్టి, డ్రెయిన్ మూత తెరిచి, పెట్టె కొంచెం వంచి పెట్టండి. కరిగిన నీళ్లలో నానితే మాంసం తెల్లబడి చప్పగా అవుతుంది.

వంటింటి_వేటకత్తె:

నెత్తుటిజాడ గారు అక్కడిదాకా తెచ్చారు, తర్వాతది నేను. ఎముకలు తీసేశాక చేతికొచ్చేది 25-35 పౌండ్లే, ముందే లెక్కేసుకోండి. జింక కొవ్వును మటన్ కొవ్వులా అనుకోవద్దు. చల్లారితే నోట్లో కొవ్వొత్తి మైనంలా అంటుకుంటుంది. తెల్లగా కనిపించిందల్లా, మెరిసే పొరతో సహా చెక్కేయండి. వెన్నువెంట ఉండే పట్టీలు కూరలో వేయకండి, పెనం మీద నిమిషాల్లో వేయించుకోండి. వెనక కాళ్లు ఇగురుకి, ముందు కాళ్లు, మెడ కుక్కర్‌లోకి. పెరుగు, చెంచాడు పచ్చి బొప్పాయి గుజ్జు పట్టించి రెండు మూడు గంటలు చాలు, రాత్రంతా బొప్పాయి ఉంటే పిండిలా అవుతుంది. కొవ్వు లేదు కాబట్టి నూనె మటన్‌కి పోసేదానికంటే ఎక్కువ పడుతుంది.

తూటా వెళ్లిన దారి చుట్టూ నాలుగైదు అంగుళాలు కోసి పారేయండి. సీసపు తూటా చిన్న తునకలై చాలా దూరం పాకుతుంది. ఇంట్లో చిన్నపిల్లలో గర్భిణులో ఉంటే రాగి తూటాలు కొనడమే మంచిది. మెదడు, వెన్నుపాము, లింఫ్ గడ్డలు తాకకండి. టెక్సస్‌లో సీడబ్ల్యూడీ అనే జింకల జబ్బు 2012 నుంచి ఉంది. మీరు వేటాడే కౌంటీలో పరీక్ష ఉంటే చేయించండి, ఫలితం వచ్చేదాకా ఫ్రీజర్‌లో విడిగా పెట్టండి.

రాంచ్ వాళ్లు "ఆక్సిస్ ఉంది, కావాలా" అని అడగొచ్చు. అది మన చుక్కల దుప్పే. 1930ల్లో ఇక్కడికి తెచ్చి వదిలారు, ఇప్పుడు టెక్సస్‌లో దానికి సీజన్ అంటూ గడువు లేదు, సంఖ్య పరిమితి లేదు, లైసెన్స్ ఉంటే చాలు. మాంసం వైట్‌టెయిల్ కంటే మెత్తన. కానీ ప్యాకేజీలో కలిసి ఉండదు, రేటు ముందే అడగండి. కృష్ణజింకదీ అదే సంగతి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, అక్కడ మన దేశంలో ఇవి 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణలో ఉన్న జంతువులు. గుర్తుగా ఉంటుందని కొమ్ము ముక్క, తోలు సూట్‌కేసులో వేసుకుని హైదరాబాద్‌లో దిగకండి, లైసెన్స్ రసీదు చూపించినా కస్టమ్స్ వాళ్లు వినరు.